మొదటి ఏడాది ఆడించని కాలేజీ: భీమవరంలో ఒక కబడ్డీ పూట

మా అమ్మాయి హారిక ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చదువుతోంది అనడం మర్యాద కోసం, రోజులో ఎక్కువ భాగం కబడ్డీ ఆడుతుంది. జూనియర్ పోటీల్లో దాని ఆట చూసి రెండు డిగ్రీ కాలేజీలు వచ్చే ఏడాదికి మా దగ్గర చేర్చమని అడిగాయి. కాకినాడ వైపు కాలేజీవాళ్లు మొదటి మ్యాచ్ నుంచే జట్టులో ఆడిస్తామన్నారు. భీమవరం కాలేజీలో జట్టును తయారుచేసే పీడీ మేడం రమణి గారు మాత్రం, "మొదటి ఏడాది కూర్చోవాల్సి వస్తుందనుకునే పంపండమ్మా. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పిల్ల ఆట చూసి అడిగినవాళ్లు ఆడించబోమని చెప్పడమేమిటి? సోమవారానికల్లా ఎవరికో ఒకరికి మాట ఇవ్వాలి. హారిక మనసంతా కాకినాడ వైపే ఉంది. నా మనసూ అటే. అయినా సెమీఫైనల్ మా హాల్లోనే ఉంది, వచ్చి చూసి తేల్చుకోండి అని ఆవిడ పిలిచారు కదా అని, ముఖం మీదే నాలుగు అడిగి వద్దామని బయల్దేరాను. ఈ బ్లాగులో ఇప్పటిదాకా గుళ్లు, నర్సరీలు, టిఫిన్ సెంటర్ల గురించే రాశాను. ఈసారి పిల్లల్ని ఆటలకోసం చేర్పించాలనుకునే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

రాజమండ్రి నుంచి భీమవరానికి బస్సులూ ఉన్నాయి గానీ, పొద్దున్నే బయల్దేరేవారికి ప్యాసింజర్ రైలే సుఖం. టికెట్ ధర ప్లేటు పెసరట్టు కన్నా తక్కువ. తెల్లవారకముందే ఎక్కితే గోదావరి దాటేసరికి వెలుగొస్తుంది. కిటికీ పక్కన చోటు కావాలంటే కాస్త ముందే వెళ్లండి. నిడదవోలులో బండి కాసేపు ఆగుతుంది, ఇడ్లీ పొట్లం అక్కడే కొనుక్కోవాలి, తర్వాత దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. తణుకు దాటాక వరిచేలు తగ్గి చేపల చెరువులు మొదలవుతాయి. అత్తిలి వచ్చేసరికి రెండు పక్కలా నీళ్లే, ఆ నీళ్లలో చేపలకు గాలి అందిస్తూ గిరగిరా తిరిగే ఏరియేటర్లే. ఎనిమిదిన్నర ప్రాంతంలో భీమవరం టౌన్‌లో దిగాను.

స్టేషన్ బయట షేర్ ఆటోలు ఇరవై రూపాయలకే తీసుకెళ్తాయి. నాకు తొందరెక్కువ కాబట్టి వంద ఇచ్చి ఒక్కదాన్నే ఎక్కాను. కబడ్డీ అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. రోడ్డు చూడు నాయనా అన్నాను. అతని బాధంతా దుర్గ అనే మొదటి సంవత్సరం అమ్మాయి గురించి. మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డు ఊరట, ప్రాక్టీసులో ఆ పిల్లని పట్టుకున్నవాళ్లే లేరట. "ఆ అమ్మాయిని దింపితే కప్పు మనదేనండి. ఆ మేడం దింపరండి. మొండి మనిషండి బాబూ" అన్నాడు. నా అనుమానాలకు బలం దొరికిందని లోలోపల సంతోషించాను.

హాల్లోకి వెళ్లేసరికి అమ్మాయిలు ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. రమణి గారు పొట్టిగా, మెడలో విజిల్‌తో, అందరి పేర్లూ సగం సగం పిలుస్తూ తిరుగుతున్నారు. నన్ను నేను పరిచయం చేసుకుని, కుశల ప్రశ్నలు కూడా లేకుండా అసలు సంగతి అడిగేశాను. ఆవిడ కోప్పడలేదు. పొడుగ్గా, చామనఛాయగా ఉన్న ఒక అమ్మాయిని చూపించి, కాళ్లు గమనించమన్నారు. దుర్గ ఆ అమ్మాయే. ఎదురుగా ఇద్దరు చేతులు పట్టుకుని అడ్డం నిలబడితే పరుగున వచ్చి వాళ్ల మీదుగా ఎగిరి అవతల దిగింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. రమణి గారు తల అడ్డంగా ఊపారు.

"ఎడమకాలు చూశారా? కర్రలా దించేసింది. ఇసుకలో ఆడిన పిల్ల కదండీ. ఇసుక కాలిని వదిలేస్తుంది, మ్యాట్ పట్టేసుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, మోకాలు తిరగదు."

మట్టిలోనో ఇసుకలోనో ఆడి వచ్చిన ప్రతి పిల్లకీ ఆవిడ ముందు నేర్పేది కిందకు దిగడమేనట. ఆ తర్వాత పట్టు. కూతకు వెళ్లడం అన్నిటికన్నా చివర, అది వాళ్లకు ఎలాగూ వచ్చు కాబట్టి. దుర్గ చేరి నాలుగు నెలలైంది. ఆలోచించుకుని ఎగిరితే చక్కగానే దిగుతుంది, కంగారు పడితే కాలు పాత అలవాటుకే పోతుంది. సెమీఫైనల్లో కంగారు పడని పిల్ల ఎవరుంటారు అని ఆవిడ నన్నే అడిగారు. నాకు మా హారిక గుర్తొచ్చింది. పోయినేడు మ్యాట్ మీద ఆడిన రోజు దాని చీలమండ బెణికి వారం రోజులు మంచం దిగలేదు. ఎవరి కళ్లో పడ్డాయని దిష్టి తీసి ఊరుకున్నాం.

ప్రేక్షకుల బెంచీల మీద నా పక్కన దుర్గ వాళ్ల నాన్న సత్తిబాబు గారు కూర్చున్నారు. చేపల వేట ఆయన వృత్తి. కూతురి ఆట చూద్దామని ఆ రోజు వేట మానుకుని, తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. మేడం దింపనంటున్నారని ఆయనకూ తెలుసు, అయినా పిల్లలు ఓడిపోతుంటే ఆవిడే మెత్తబడతారని ఆశ. నా సంచిలో మిగిలిన ఇడ్లీలు ఇస్తే మొహమాటపడుతూనే తిన్నారు.

పదకొండు గంటలకు మ్యాచ్ మొదలైంది. మొదటి సగం చూశాక నా కోపం సగం దిగిపోయిందని ఒప్పుకుంటున్నాను. దుర్గ ఆడలేదు గానీ ఊరికే కూర్చోలేదు. మేడం పక్కనే కూర్చుని అవతలి జట్టు అడుగులు చదువుతోంది. ఎడమ మూల అమ్మాయి ముందే వంగిపోతోందని అది చెబితే, మేడం సైగ చేశారు. కెప్టెన్ లావణ్య ఆ మూలకే వెళ్లి రెండుసార్లు ముట్టుకుని వచ్చింది. లావణ్య ఆఖరి సంవత్సరం, ఆమెకు ఇవే చివరి పోటీలు. ఈ జట్టులో ఎవరి పని వాళ్లకు ఎంత బాగా తెలుసో చెప్పలేను. ఒకరు పట్టు వేస్తే మిగతావాళ్లు పిలవకుండానే వచ్చి మీద పడుతున్నారు. నిన్నగాక మొన్న చేరినవాళ్లతో ఇలాంటి పొందిక రాదు. నేను గొంతు పోయేలా అరిచాను. పక్కన పెద్దాయన ఉన్నారన్న సంగతి కూడా మర్చిపోయాను.

రెండో సగంలో కథ తిరగబడింది. బాగా కూతకు వెళ్లే అమ్మాయి ఒకామెకు పిక్క పట్టేసి బయటికొచ్చేసింది. ఉన్న ఆధిక్యం కాస్తా కరిగి, ఆఖరి నిమిషాల్లో రెండు పాయింట్లు వెనకబడ్డారు. హాలంతా "దుర్గా, దుర్గా" అని ఒకటే గోల. ముందు వరుసలో కూర్చున్న కాలేజీ పెద్ద ఒకాయన లేచి వచ్చి మేడంతో ఏదో చెప్పారు. ఆవిడ విని, నమస్కారం పెట్టి, మళ్లీ మ్యాట్ వైపు తిరిగారు. చివరికి లావణ్యే గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఒక్క కూతకి మేడం, ఒక్కటే" అని బతిమాలింది. దుర్గ అప్పటికే లేచి నిలబడి బూట్ల తాళ్లు బిగించుకుంటోంది. పక్కన సత్తిబాబు గారూ బెంచీ మీంచి లేచారు. నేను కూడా దింపాలనే అనుకున్నాను. పొద్దున విన్నదంతా ఆ క్షణంలో నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

రమణి గారు దుర్గ భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టారు. రెండో సంవత్సరం అమ్మాయిని పంపారు. ఆ అమ్మాయి ఒక పాయింటు తెచ్చింది, మళ్లీ వెళ్లి పట్టుబడింది. రెండు పాయింట్లతో ఓడిపోయారు. దుర్గ టవలు ముఖానికి కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడే స్టేషన్‌కు వెళ్లిపోదామనుకున్నాను, కానీ భోజనం చేసి వెళ్లమని మేడం వదల్లేదు. మ్యాచ్‌కు ముందు అరటిపండు తప్ప తినరు కాబట్టి వీళ్ల అసలు భోజనం తర్వాతే. హాస్టల్ మెస్సులో చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. ఆడి అలసిపోయిన అమ్మాయిలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆడకుండా కూర్చున్నవాళ్లు మాత్రం బల్లల దగ్గర కూర్చుంటే, మేడం స్వయంగా వడ్డిస్తున్నారు. ఇదేం పద్ధతని వంటావిడని అడిగాను.

"ఇక్కడంతేనండి. ఆడనోళ్లకి ముందండి. ఆడినోళ్లు ఆకలికి ఎలాగూ తినేత్తారు, కూర్చున్నోళ్లకి ముద్ద దిగదు, మనమే పెట్టి తినిపించాలంటారు మేడం."

దుర్గ కంచం వంక చూస్తోంది తప్ప ముట్టుకోవడం లేదు. లావణ్య తన వంతు వచ్చాక కంచం తెచ్చుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుంది. చివరి మ్యాచ్ ఓడిపోయిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను చేరిన ఏడు నాకూ ఇలాగే ముందు పెట్టేవారే. అన్నం దిగేది కాదు. పీకల దాకా కోపం ఉండేది. ఆ తర్వాత రెండేళ్లు ఆడాను, ఒక్కరోజు కూడా కట్టు కట్టుకోలేదు. తిను."

దుర్గ ముద్ద కలిపింది. నాకు కళ్లు నిండిపోయాయి. దాచుకోవడానికి నీళ్ల గ్లాసు కోసం వెతుక్కున్నాను.

సత్తిబాబు గారికి మాత్రం ఇదేమీ ఊరట కాలేదు. చేతులు కడుక్కుని వచ్చి మేడం ముందు నిలబడ్డారు. ఆయన కోప్పడలేదు, కానీ మనసులో మాట దాచుకోలేదు. "ఒక్కసారి దింపుంటే బాగుండేదండి. అంత దూరం నుంచి వచ్చాను" అన్నారు. దింపి ఉంటే గెలిచేవాళ్లేమో కదండీ అని నేనూ ఉండబట్టలేక అనేశాను.

"గెలిచేవాళ్లమేనండి," అన్నారు రమణి గారు. "అది తెలిసే దింపలేదు. ఈరోజు ఓడిపోయింది నేను, మీ అమ్మాయి కాదు. తన కాళ్లు ఎలా తీసుకున్నానో అలాగే మీకు అప్పజెప్పాలి కదా."

సత్తిబాబు గారు మళ్లీ పోటీలు ఎప్పుడో కబురు చేయమని, అప్పుడూ వస్తానని చెప్పి బస్టాండుకు బయల్దేరారు. ఆయన వైపు న్యాయం లేదని నేను అనను.

తిరుగు ప్రయాణం బస్సులో, తణుకు మీదుగా. దారంతా అదే ఆలోచన. గెలిచే అవకాశం చేతిలో ఉండగా, హాలంతా అరుస్తుండగా, పైవాళ్లు చెబుతుండగా, పద్దెనిమిదేళ్ల పిల్ల మోకాలి కోసం ఓటమిని నెత్తిన వేసుకునే మనిషిని నేను ఇంతకు ముందు చూడలేదు. వెంటనే ఆడిస్తామనడం సులువే. మమ్మల్ని అడిగిన కాకినాడవాళ్లు చెడ్డవాళ్లనీ కాదు, వాళ్లకు గెలుపు కావాలి, మాకూ కావాలి. కానీ వాళ్లలో ఎవరూ హారిక ఎలా దిగుతుందని అడగలేదు. నేనూ ఏనాడూ చూడలేదు.

కాలేజీ జట్టును చూడటానికి వెళ్లేవారికి ఒక్క మాట. మ్యాచ్ అవగానే లేచి మధ్యాహ్నం బండికి పరుగెత్తకండి. సాయంత్రం దాకా బస్సులు ఉంటాయి, భోజనాలయ్యేదాకా ఉండి రండి.

ఇంటికొచ్చి హారికకు అంతా చెప్పాను. ఓడిపోయిన సంగతి, దుర్గ ఏడుపు, వాళ్ల నాన్న చిన్నబోయిన ముఖం, ఏదీ దాచలేదు. అది చాలాసేపు తన చీలమండ పట్టుకుని కూర్చుంది. "అంత గోలలోనూ మాట తప్పలేదా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. సోమవారం పొద్దున్నే తనే ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అవతల రమణి గారు పలికారు.

"మేడం, మా అమ్మాయిని మీ దగ్గర కూర్చోబెట్టడానికి పంపుతున్నామండి" అన్నాను.