మరోసారి గారూ, ఒంటికాలి ఆల్చిప్పా

మా పశువుల డాక్టరుగారికి ఏ విషయమైనా మొదటిసారి చెబితే అర్థం కాదు. రెండోసారి చెబితే సగం అర్థమవుతుంది. మూడోసారి, చెప్పేవారి ఓపిక పూర్తిగా అడుగంటే సమయానికి, ఆయన ముఖం వికసిస్తుంది. పందొమ్మిదేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి కనుక ఇది చాటున చేసే నింద కాదు. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం.

ఆ కుర్చీల సంగతి ముందుగా చెప్పాలి. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువులను కాపాడతామని కొత్తగా బయలుదేరే యువతీయువకులకు తొలి ఆసరాగా కొంత సొమ్ము ఇచ్చే చిన్న సంస్థ మాది. ఎక్కడెక్కడి దేశాల నుంచో దరఖాస్తులు వస్తాయి. ఒకరు గబ్బిలాల కోసం తపిస్తారు, మరొకరు లోకంలో ఎవరూ ఫోటో తీయడానికి ఇష్టపడని కప్ప కోసం. ఎంపిక సంఘంలో ముగ్గురం: అధ్యక్షుడిగా నేను, వృక్షశాస్త్రం బోధించి రిటైరైన మేడం, ఈ డాక్టరుగారు. ఒక్కో అభ్యర్థికి పది నిమిషాలు. పదో నిమిషం నిండగానే నేను గంట కొడతాను. ముగ్గురి మార్కులూ కలిపి ముప్పైకి ఇరవైనాలుగు వస్తే ఆసరా దొరుకుతుంది. రాకపోతే గబ్బిలం తన దారి తాను చూసుకోవాలి.

ఆ గంటను డాక్టరుగారు ఏనాడూ పట్టించుకోలేదు. గంట మోత ఆగేదాకా మర్యాదగా ఆగి, "అర్థం కాలేదు నాయనా, మరోసారి చెప్పు" అనేవారు. పది నిమిషాలు అరగంటయ్యేవి. మా మధ్యాహ్న భోజనం వెళ్లి సాయంత్రం టీలో కలిసేది. మేడం ఆయనకు 'మరోసారి గారు' అని పేరు పెట్టింది. ఆ పేరు మొదటిసారి చెవిన పడినప్పుడు ఆయన, "అర్థం కాలేదమ్మా, ఎవరిని అనేది?" అని అడిగారట.

మందబుద్ధి అనుకుని వదిలేద్దామంటే సాక్ష్యాలు కుదరలేదు. ఒకసారి ఒక యువకుడు నలభై రెండు స్లయిడ్లు చూపించి, జన్యువులూ సమీకరణాలూ కలిపి గుక్క తిప్పుకోకుండా ప్రసంగించాడు. నాకు ఒక్క ముక్క కూడా బోధపడలేదు. మరోసారి గారు మాత్రం, "అర్థమైంది నాయనా, వెళ్లిరా" అన్నారు. ఆ తరువాత వచ్చిన కుర్రాడు, "గుడ్లగూబల గూళ్లు లెక్కపెడతానండి" అని ఒక్క వాక్యం చెప్పి ఆగిపోయాడు.

"అర్థం కాలేదు నాయనా. గూళ్లా? ఎవరివి?"

"గుడ్లగూబలవండి."

"లెక్కపెట్టేది నువ్వా, అవా?"

ఆ సాయంత్రం మేడంతో నా గోడు వెళ్లబోసుకున్నాను. "కష్టమైనవి అర్థమై, సులభమైనవి అర్థం కాకపోవడమేమిటండీ? ఇదేం మెదడు?"

"ఆయన సంగతి తరువాత. ఆ స్లయిడ్ల అబ్బాయి చెబుతున్నంతసేపూ మీరెందుకు తల ఊపారు?"

"అధ్యక్షుడు తల ఊపడం మర్యాద."

"మర్యాదకి ఎనిమిది మార్కులు కూడా వేశారుగా."

తప్పు చెవులదేమో అన్న అనుమానంతో ఆయనను చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళ్లాను. ఆ వైద్యుడు రకరకాల మోతలు వినిపించి, గీతలు గీసి, "ఈయన వినికిడి పాతికేళ్ల కుర్రాడిదండీ. మీది కూడా ఓసారి చూద్దామా?" అన్నాడు. నేను అక్కరలేదన్నాను. బయట బల్ల దగ్గర ఆ రోజే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, "మళ్లీ ఏడాదికి రండి సార్" అంది, గొంతు పెగలక. లోపల ఇరవై నిమిషాల వైద్య పరిభాషను ఒక్కసారికే గ్రహించిన మనిషి అక్కడ నిలబడిపోయారు. "అర్థం కాలేదమ్మా. మరోసారి చెప్పు." మూడుసార్లు చెప్పించుకున్నారు. మూడోసారికి ఆ అమ్మాయి గొంతు వీధిలోకి వినిపించింది. ఇది ఏ జబ్బో నాకు అంతుపట్టలేదు.

చివరి ప్రయత్నంగా ఆయన శ్రీమతిని విచారించాను. "ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా?"

"లేదన్నయ్యగారూ. ఇంట్లో నేను చెప్పకముందే అర్థమవుతుంది. నాకు కోపమొచ్చినప్పుడే ఏదీ అర్థం కాదు. తిట్టిందే మూడుసార్లు తిట్టమంటారు. మూడోసారికి నాకే నవ్వొచ్చేస్తుంది."

కోపంగా ఉన్న భార్య మాట అర్థం కాని భర్తలు అసంఖ్యాకం కనుక దీనిని సాక్ష్యంగా స్వీకరించలేదు. అది నా తప్పు.

పందొమ్మిదో ఏట నేనొక నిర్ణయానికి వచ్చాను. 'మీ అపారమైన సేవలకు కృతజ్ఞతలతో, ఇకపై మీకు విశ్రాంతి కల్పించదలచి' అని మొదలయ్యే ఉత్తరం రాసి, కోటు జేబులో పెట్టుకుని ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఆధారం లేకుండా ఒక మనిషిని తొలగించడం న్యాయం కాదు. ఆధారం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. మార్కుల కాగితంలో నేను పట్టుబట్టి పెట్టించిన గడి ఒకటి ఉంది: మార్కు వేసిన సమయం. మేడం ఆ గడిలో ఆకులు గీస్తుంది. దాన్ని శ్రద్ధగా నింపేది నేనూ, మరోసారి గారూ మాత్రమే. అందరికంటే అరగంట ఆలస్యంగా ఆయన బుర్రలో దీపం వెలుగుతుందని ఆయన చేతిరాతే రుజువు చేస్తుందనుకున్నాను.

సరిగ్గా పదకొండు గంటలకు ఆల్చిప్పల అమ్మాయి వచ్చింది. ఇరవైమూడేళ్లుంటాయి. చేతిలోని కాగితాన్ని తల ఎత్తకుండా ఒక్క నిమిషంలో చదివేసింది: వాళ్ల నదిలో ఒక జాతి ఆల్చిప్పలు ఒకే ఒక్క ఇసుకమేటలో మిగిలాయి. నీళ్లు తగ్గగానే ఇసుక లారీలు దిగుతాయి. ఈలోపు వాటిని లెక్కపెట్టి, ఆ మేట చుట్టూ కంచె వేయించాలి. "అంతేనండి" అని కాగితం మడిచింది. ఆల్చిప్పల కోసం కంచె ఏమిటనిపించింది నాకు. రెండు మార్కులు వేసి, సమయం రాశాను: పదకొండూ రెండు.

"అర్థం కాలేదమ్మా. మరోసారి చెప్పు" అన్నారు పక్కనుంచి.

రెండోసారి చెప్పబోయి తడబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి గంట మీదికి వెళ్లింది.

"ఇదొక్కటి చెప్పమ్మా. ఆల్చిప్పకి కాళ్లెన్ని?"

ఆ అమ్మాయి మొదటిసారి తల ఎత్తింది. ఈ ముసలాయన వేళాకోళమాడుతున్నాడా, నిజంగానే తెలియదా అని కాసేపు చూసింది. "ఒకటేనండి."

"ఒకటే? కుంటుతుందా?"

నవ్వు ఆపుకోలేకపోయింది. "లేదండీ, కుంటదు. కాలు బయటికి చాపి, ఇసుకలో గుచ్చి, ఒంటిని ముందుకు లాక్కుంటుంది."

"లారీ వస్తుంటే తప్పుకోవచ్చుగా మరి?"

"రోజంతా లాక్కున్నా మీ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి రాదండి. అది ఎక్కడికీ పోలేదు. అందుకే నేనొచ్చాను."

తరువాత ఆ అమ్మాయిని ఎవరూ అడగనక్కరలేకపోయింది. ఆల్చిప్ప పిల్లలు చేపల మొప్పలు పట్టుకుని ప్రయాణిస్తాయని, చేప వాటిని తెలియకుండానే మోసుకెళ్లి ఇంకోచోట దింపుతుందని చెబుతూ, చెయ్యి చేపలా తిప్పుతూ మేడం కుర్చీ దాకా వచ్చేసింది. లారీల వాళ్లతో తానే మాట్లాడానని, ఒక డ్రైవరు ఇప్పటికే ఆ మేట వదిలి చుట్టూ తిరిగి వెళుతున్నాడని కూడా అప్పుడే బయటపడింది. ఆ ముక్క కాగితంలో లేదు. గంట కొట్టడం మరిచిపోయాను. పదకొండూ పద్దెనిమిదికి నా రెండును కొట్టేసి తొమ్మిది వేశాను.

ఆ అమ్మాయి బయటికి వెళ్లగానే నేను చెయ్యి చాపాను. "డాక్టరుగారూ, మీ కాగితం ఒకసారి."

"ఎందుకండీ, ఉండనివ్వండి" అని ఆయన దానిని మడవబోయారు. లాక్కున్నాను. మార్కులు: తొమ్మిది. సమయం: పదకొండూ రెండు.

"మీకు అర్థం కాకముందే తొమ్మిదెలా వేశారు?"

"గడియారం వెనకబడిందేమోనండి."

బీరువా తెరిపించి పాత కాగితాలన్నీ బల్ల మీద పోయించాను. భోజనాలు మానుకుని చూశాము. ఆయన 'అర్థం కాలేదు' అన్న ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆయన మార్కు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే పడింది. వాటిలో ముప్పావు వంతు కాగితాల్లో ఎవరో ఒకరు మొదట వేసిన మార్కు కొట్టేసి పెంచారు. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ నేనే. గుడ్లగూబల గూళ్లకు మొదట నేను వేసింది మూడు.

"ఏమిటండీ ఇదంతా?" అని నిలదీశాను.

ఆయన నేల చూపులు చూశారు. "బెదిరిన గుర్రం దగ్గరికి ఒక్కసారే వెళ్లి పట్టుకోకూడదండి. వెళ్లి, వెనక్కి వచ్చేయాలి. మళ్లీ వెళ్లాలి. మూడోసారికి అదే ముక్కు చాపుతుంది."

"ఆ పిల్ల బెదిరింది, నిజమే. గుర్రం ఆ పిల్లేనన్నమాట."

"ఆ పిల్లా ఉందండి…" అని ఆయన నసిగారు.

మేడం ఆకులు గీయడం ఆపింది. "ఇంకో గుర్రం ఎవరో మీకు మరోసారి చెప్పాలా అధ్యక్షా?"

జేబులోని ఉత్తరం జేబులోనే ఉండిపోయింది. తరువాత ఇంట్లో ఊగుతున్న బల్ల కాలి కింద మడిచి పెట్టాను, చక్కగా సరిపోయింది. ఆల్చిప్పల అమ్మాయికి ఇరవైఆరు వచ్చాయి. నీళ్లు తగ్గేలోగా ఆ మేట చుట్టూ వెదురు కంచె లేచింది. దాని ముందు ఆ డ్రైవరుతో కలిసి తీయించుకున్న ఫోటో మాకు పంపింది.

మరుసటి ఏడు ఇంటర్వ్యూలలో ఒక అబ్బాయి వచ్చాడు. ఏదో పాము కోసమనుకుంటాను. రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. పక్కకు చూశాను. మరోసారి గారు కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగి ఉన్నారు. ఇక తప్పలేదు. గంటను పక్కకు జరిపి, గొంతు సవరించుకుని, వీలైనంత మెత్తగా అన్నాను: "అర్థం కాలేదు నాయనా. మరోసారి చెప్పు."

నా మెత్తని గొంతు కూడా బహుశా తీర్పు చదువుతున్నట్టే ఉంటుంది. ఆ అబ్బాయి ఇంకా బిగుసుకుపోయాడు.

అప్పుడు డాక్టరుగారు కళ్లజోడు పెట్టుకుని, నా వైపు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"అర్థం కాలేదండీ. ఏమన్నారు మీరు?"