కారప్పొడిలో పడిన పక్కింటి నూనె

మా నాన్న ఎవర్నీ పొగడరు. ఇన్నేళ్ళ కాపురంలో అమ్మ వంటకి ఆయనిచ్చిన అతి పెద్ద బిరుదు "బానే ఉంది". అమ్మ పాటకి అదీ దక్కలేదు. కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా ఇంటికి ఆరు నెలలుందామని వచ్చారు గానీ, సముద్రాలు దాటినా ఆ నోరు మాత్రం మారలేదు.

ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో అమ్మ పాడింది. తర్వాత ప్రేమ విందులో ఆంటీలంతా బాగుంది బాగుంది అంటుంటే, పులిహోర ప్లేటు పట్టుకుని నాన్న ఉన్నట్టుండి నోరు విప్పారు. "సంబంధం చూడ్డానికి ముందే వాళ్ళ చర్చికెళ్ళి ఈవిడ పాట విన్నాను. ఇంకెక్కడా వెతకొద్దని ఆ రోజే మా ఇంట్లో చెప్పేశాను."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. దారంతా కార్‌లో కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉంది. నాకైతే ఏడుపొచ్చింది, నిజం.

ఇంటికొచ్చి చూద్దును కదా, డైనింగ్ టేబుల్ మీద పక్కింటాయన ఇచ్చిన సీసా సగం ఖాళీ! ఆయన పెరట్లో గంజాయి మొక్క పెంచుతాడు, ఇక్కడ తప్పు లేదు. పచ్చి ఆకుని నా కళ్ళముందే ఆలివ్ నూనెలో నూరి, మోకాలికి రాసుకోమని ఇచ్చాడు. నాన్న పొద్దున దాన్నే కారప్పొడిలో పోసుకుని ఇడ్లీలు లాగించారట. కాస్త పసరు వాసనేసింది గానీ, అమెరికా నువ్వుల నూనె ఇంతేలే అనుకున్నారట.

అది గంజాయి నూనె అనగానే నాన్న మొహం వెలిగిపోయింది. అదీ సంగతి, మత్తులో ఏదో వాగేశానంటూ మేడ మీదికి జారుకున్నారు. అమ్మ మొహం మాడిపోయింది. సింకు దగ్గర కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ అడిగింది.

"నిజంగా మత్తులోనే అన్నారంటావా?"

నా ఉద్యోగమే ఇలాంటి నూనెల్ని ల్యాబ్‌లో పరీక్షించడం. ఏ కస్టమరూ నన్ను ఇంత ఆశగా రిజల్ట్ అడగలేదు. పచ్చి ఆకులో మత్తు పదార్థం దాదాపు ఉండదనీ, ఉండేది దాని ఆమ్ల రూపమనీ చెప్పాను. ఓవెన్‌లో బాగా వేడెక్కితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, అప్పుడు మిగిలేదే తలకెక్కుతుంది. మత్తు కావాలనుకునేవాళ్ళు ముందు ఆకుని వేడిచేసి, తర్వాత నూనెలో వేసేది అందుకే. ఇడ్లీల వేడి సరిపోదా అంది. ఛ, ఆ వేడికి ఏమీ కాదన్నాను.

"అయితే ఆ మాటలు?"

"నాన్నవే. అచ్చంగా."

అమ్మ కొళాయి కట్టేసింది. గిన్నె బోర్లించి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆదివారం పొద్దున, ఇడ్లీలతో పాటు ఆ సీసా కూడా తెచ్చి నాన్న ప్లేటు పక్కన పెట్టింది. నాన్న ఓరగా ఒక చూపు చూసి, కిక్కురుమనకుండా కారప్పొడిలో పోసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, దాంట్లో మత్తు లేదని చెప్పాను కదమ్మా అని గొణిగాను.

"నాకు తెలుసులే," అంది అమ్మ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఆయనకి తెలీదుగా."