చేతులు కడుక్కుని రా

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నెల్లూరులో బియ్యం మిల్లులో బస్తాలు మోస్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నాను. నాకు తెలిసినదంతా ఆ బల్లల దగ్గర నేర్చుకున్నదే. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. మొదటిరోజు అక్కడి లైబ్రేరియన్ నా చేతులకున్న తవుడు చూసి, కుళాయి దగ్గర కడుక్కుని రమ్మన్నారు. నాకు కోపం రాలేదు. చేతులు కడుక్కుని పట్టుకోవలసినంత గొప్ప వస్తువు నాకిస్తున్నారని పొంగిపోయాను.

తర్వాత పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి, మైపాడు వైపు సముద్రం పక్కనున్న ఒక బడిలో లైబ్రేరియన్‌గా చేరాను. అక్కడా అదే నియమం పెట్టాను. పుస్తకం కావాలంటే ముందు నాకు చేతులు చూపించాలి.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పొద్దున్నే తల్లితో కలిసి రొయ్యలు ఒలిచి, అటునుంచి అటే బడికి వచ్చేది. మధ్యాహ్నం అన్నం తినగానే లైబ్రరీకి వచ్చి ఓడ ప్రయాణం మీద రాసిన ఒక లావు నవల చదివేది. ఆపిన చోట చీపురుపుల్ల పెట్టి, పుస్తకం నాకిచ్చి పోయేది.

ఒకరోజు వచ్చి ఫిర్యాదు చేసింది. "ఈ రాసినాయన సముద్రం చూసుండడు సార్. అంత గాలికి ఎవరన్నా తెరచాప ఎత్తుతారా? మా నాయన చూస్తే తిడతాడు."

అన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఈ పిల్ల నన్ను దాటిపోతుందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ నవల తెరిస్తే నీచువాసన వచ్చింది. ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కుని రమ్మన్నాను. కడుక్కునే వచ్చానంది. సబ్బుతో మళ్ళీ కడుక్కు రమ్మన్నాను. పోయి వచ్చి చేతులు చాపింది. వంగి వాసన చూసి, ఇంకా పోలేదన్నాను. వరసలో వెనకనున్న ఒకడు, ఆ పుస్తకంతో పులుసు పెట్టుకోవచ్చన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేను వాణ్ణి కసరలేదు. నవ్వాను కూడా.

"ఇది పోదు సార్. మా అమ్మకూ పోలేదు," అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

మళ్ళీ లైబ్రరీ గడప తొక్కలేదు. పదో తరగతి మధ్యలో బడీ మానేసింది. ఆ ఏడు తనిఖీకి వచ్చినాయన, ఈయన పుస్తకాలు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండని మిగతా టీచర్లకు నన్ను చూపించాడు. నా చేతులకున్న తవుడు నీళ్ళతో పోయేదన్న ముక్క నా బుర్రకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. నియమం తీసేశాను. అప్పటికి వరసే లేదు. పిల్లలు అసైన్‌మెంట్లకు తప్ప రావడం మానేశారు.

నిరుడు ఆ అమ్మాయి కూతురు మా బడిలోనే ఆరో తరగతిలో చేరింది. ఆ నవల బయటికి తీశాను. ఇన్నేళ్ళలో ఎవరూ తీసుకోలేదు. చీపురుపుల్ల సగంలో అలాగే ఉంది. ఆదివారం ఒడ్డుకు వెళ్ళాను. ఆమె గంపల దగ్గర కూర్చుని చేపలు ఏరుతోంది. గుర్తుపట్టి లేచి నిలబడింది. మిగతా సగం చదవమని పుస్తకం చాపాను. అప్పుడు నేను చేసింది తప్పని కూడా చెప్పాను.

"ఆ మాట ఇప్పుడెందుకులే సార్," అంది. కొంగు చేతులకు చుట్టుకుని, వేలు తగలకుండా పుస్తకం అందుకుంది.

నెల తర్వాత కూతురు పాలిథీన్ కవర్లో పెట్టి తెచ్చిచ్చింది. నువ్వు చదువుతావా అని అడిగాను.

"వద్దు సార్. పాడైతే మీరు తిడతారంట."

ఆ పిల్ల వెళ్ళాక కవర్ విప్పాను. పుల్ల అదే పేజీలో ఉంది. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఎక్కడా నీచువాసన లేదు.