బర్రెల కొట్టంలో వర్షారణ్యం

ఆ రోజుల్లో అబద్ధమాడటానికి నాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఆఫీసులో "బస్సు లేటయింది సార్" అనీ, ఇంట్లో "ఆఫీసుల లేటయింది బాపూ" అనీ, రోజుకు రెండు మూడు అనాయాసంగా నడిచిపోయేవి. కానీ ఇప్పుడు చెప్పబోయే అబద్ధానికి మాత్రం గట్టి కారణమే ఉంది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబులో కాంట్రాక్టు టెక్నీషియన్‌ని. ఇల్లు సైదాబాద్. బాపుకు పదకొండు బర్రెలు, నేనొక్కదాన్నే బిడ్డను. ఆ వరసలో నా స్థానం పన్నెండోది. వీటన్నిటికీ తోడు నా దగ్గర హామ్ రేడియో లైసెన్సు కూడా ఉండేది. (తెలియనివాళ్ల కోసం: సర్కారు పరీక్ష పాసై, ఇంట్లో సొంత రేడియో సెట్టు పెట్టుకుని, ఊరూరా ఉన్న తనలాంటి పిచ్చివాళ్లతో గాలిలో మాట్లాడుకోవడాన్ని హామ్ రేడియో అంటారు. ఏం మాట్లాడుకుంటారని మాత్రం అడగకండి. "మీ మాట నాకు బాగా వినిపిస్తోంది, నా మాట మీకెలా వినిపిస్తోంది" అని ముప్పావు గంట మాట్లాడుకుంటారు.)

రోజూ పొద్దున ఏడింటికి మా రేడియోవాళ్లంతా గాలిలో ఒకచోట చేరేవాళ్లు. ఆ సభకు పెద్ద, కర్నూలు వైపు రిటైరైన ఒక స్టేషన్ మాస్టరు. అందరం తాత అనేవాళ్లం. ఒక్కొక్కరి పేరూ పిలిచి, ఇది మీ వంతు, అది మీ వంతు అని రైళ్లను వదిలినట్టే మనుషులను వదిలేవాడు. నా వంతు వచ్చేసరికి మాత్రం ఎనిమిది నెలలుగా ఒకటే మాట: "అమ్మాయీ, ఇంట్లో మగవాళ్లెవరూ లేరా? ఒకసారి మైకు వాళ్లకియ్యి." ఆ సమయానికి మా ఇంట్లో ఉన్న ఏకైక మగమనిషి బాపు పాలు పిండుతూ ఉండేవాడు. ఆయనకు మైకిస్తే దాన్ని కూడా పిండేవాడు.

అలాంటి ఒక పొద్దున తాత గొంతు సవరించుకుని ప్రకటన చేశాడు. పశ్చిమ కనుమల్లో, కర్ణాటక వైపు, కప్పలను లెక్కపెట్టే ఒక పరిశోధకురాలు ఉన్నారట. వానాకాలంలో దట్టమైన వర్షారణ్యంలో రెండు మకాములు వేస్తారట. మధ్యలో కొండ. ఫోను సిగ్నల్ లేదు. వీపున మోసుకుపోగల రేడియోలు కావాలి. ఒక మకాములో తాత స్వయంగా కూర్చుంటాడు. రెండో మకాముకు ఒక లైసెన్సున్న మనిషి కావాలి, సెట్లు ఎంపిక చేసే బాధ్యత కూడా ఆ మనిషిదే. "వర్షారణ్యంలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లుంటే చెప్పండి" అన్నాడు. ఇంకెవరైనా నోరు తెరిచేలోపే నా బొటనవేలు బటన్ నొక్కేసింది. "నాకుంది సార్. రెండు సీజన్లు చేశాను" అంది నా నోరు. నిజానికి నా అటవీ అనుభవమంతా స్కూలువాళ్లు జూపార్కుకు తీసుకెళ్లిన ఒక పూట. అక్కడ కూడా ఎలుగుబంటి దగ్గర ఒక చెప్పు పోగొట్టుకున్నాను.

సాయంత్రానికల్లా పరిశోధకురాలి ఫోను వచ్చింది. (ఆవిడను కప్పల మేడమ్ అంటాను. ఎదురుగా ఎప్పుడూ అనలేదు.) చాలాసేపు మాట్లాడాం. చివర్లో ఆవిడ నెమ్మదిగా అంది: "చూడమ్మా, అక్కడ ఎవరికైనా పాము కరిచినా, కాలు విరిగినా, ఆ కబురు చెప్పాల్సింది నువ్వు ఎంచిన రేడియోనే. ఆలోచించి ఎంచు." ఫోను పెట్టేసి, చున్నీ వేసుకుని బయటికి నడిచాను.

నిజం చెప్పుకోవడానికి నాకు లోకంలో ఒక్క మనిషే ఉన్నాడు. దబీర్‌పురా స్టేషన్ దగ్గర రేడియోలు, పెళ్లిళ్లలో వాడే యాంప్లిఫయర్లు బాగుచేసే ఉస్తాద్. నాకు టంకం పెట్టడం నేర్పింది ఆయనే. అంతా విని, చాయ్ పూర్తిగా తాగి, సాసరు కూడా ఖాళీ చేసి అడిగాడు.

"జంగల్ దేఖీ క్యా కభీ?"

"జూ చూసిన ఉస్తాద్."

"జూల ఉండేది అడవి కాదు బేటీ, టికెట్."

ఆ తర్వాత తిట్టలేదు. లోపలికెళ్లి మూడు రకాల సెట్లు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఒకటి చేతిలో పట్టే వాకీ-టాకీల జత; పోలీసుల చేతుల్లో ఉండేలాంటివి, చూడగానే నాకు మనసైపోయింది. రెండోది నూరు వాట్ల పెద్ద సెట్టు, దానికి దాణా పెట్టడానికి ఒక లారీ బ్యాటరీ. మూడోది టిఫిన్ డబ్బా అంత ఉంది. అయిదు వాట్లు. దానితో పాటు ఒక చుట్ట వైరు. దాన్ని చూస్తే ఎవరికీ గౌరవం కలగదు.

"అడవిల ఏముంటది? తడి ఉంటది, ఆకు ఉంటది. హైద్రాబాద్‌ల తడి ఆకు ఎక్కడ దొర్కుతదో నువ్వే సోంచాయించు" అన్నాడు ఉస్తాద్.

సోంచాయించాల్సిన పని లేకపోయింది. మా ఇంటి వెనక బర్రెల కొట్టంలోకి రోజూ పొద్దున మూసీ ఒడ్డు నుంచి పచ్చగడ్డి బండెడు దిగేది. ఆదివారం నాడు బాపు ఇళ్లకు పాలు పొయ్యడానికి పోగానే, నేను గడ్డి మోపులను నా చుట్టూ గోడలా పేర్చి, పైపుతో నీళ్లు కొట్టి, మధ్యలో వాకీ-టాకీ పట్టుకుని కూర్చున్నాను. రెండోది దబీర్‌పురాలో దుకాణం మీద ఉస్తాద్ చేతిలో ఉంది. మోపులు లేనప్పుడు ఆయన మాట పక్కన కూర్చుని చెప్పినట్టుంది. ఒక వరస పేర్చాక పక్కింట్లోంచి చెప్పినట్టయింది. మూడు వరసలయ్యాక దోమ పాడినట్టయింది. తడి గడ్డి మాటను మింగేస్తోందని నాకు శాస్త్రీయంగా తెలిసిపోయింది. ఆ ఆనందంలో వాకీ-టాకీని రెండు మోపుల మధ్య నిలబెట్టి, నోటుబుక్కులో ఫలితాలు రాసుకుంటున్నాను. అంతలో ఆ పక్క నుంచి మా మహారాణి (పూటకు అయిదు లీటర్లిచ్చేది, ఇంట్లో ఎవరూ ఎదురుచెప్పేవాళ్లు కాదు) గడ్డితో పాటు ఏంటెనాను కూడా నోట్లోకి లాక్కుని, సగానికి కొరికి, తాపీగా నమలడం మొదలుపెట్టింది. నేను రెండో సగం పట్టుకుని లాగుతుండగా బాపు వచ్చాడు.

"ఏందది దాని నోట్లె?"

"ఏంటెనా బాపూ."

"అంటే?"

"మాటలు పట్టే పుల్ల."

బాపు నన్నూ, గడ్డికోటనూ, మహారాణినీ వరసగా చూశాడు. "పాలు గిట్ల తగ్గినయంటే నువ్వు గీ గడ్డిలనే పండాలె" అన్నాడు. రెండు రోజులు దాని పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా అంతసేపు కూర్చోలేదు.

సగం నమిలిన ఏంటెనా తీసుకెళ్లి, తలవంచుకుని ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇయ్యాల పాలు ఎన్నిచ్చింది?"

"ఎప్పటి లెక్కనే ఇచ్చింది."

"తో భైంస్ పాస్. వాకీ-టాకీ ఫెయిల్."

రెండో పరీక్ష నూరు వాట్ల సెట్టుకు. అది పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నే లేదు, మోయగలనా లేదా అన్నదే ప్రశ్న. సెట్టునూ లారీ బ్యాటరీనీ ఒక దాణా సంచిలో వేసి, వీపుకు కట్టుకుని, సైదాబాద్ నుంచి దబీర్‌పురాకు బయల్దేరాను. చంపాపేట వైపు నుంచి వస్తున్న ఒక ఆటో అతను ఆగి, సంచినీ నన్నూ చూసి, "ఏందక్కా, సిలిండరా? నేనైతే ఎక్కించుకోను" అని నేను అడగకుండానే వెళ్లిపోయాడు. సగం దూరంలో పట్టీ తెగింది. బ్యాటరీ ఒరిగి, అందులోని యాసిడ్ కారి, నా కొత్త కుర్తీ వీపు జల్లెడయింది. మిగతా దూరం చున్నీ కప్పుకుని, సంచిని ఒక తోపుడు బండి మీద పెట్టి, ఉల్లిగడ్డల మధ్య ఊరేగించాను.

అలా మూడోది మిగిలింది. నేను దాన్ని ఎంచలేదు, దానికి పోటీ లేకుండా పోయింది. అయినా కప్పల మేడమ్‌కు నాలుగు పేజీల నివేదిక పంపాను. "పలు క్షేత్ర పరీక్షల అనంతరం" అని మొదలవుతుంది. క్షేత్రం పేరు ఎక్కడా రాయలేదు.

అడవిలో దిగిన మొదటి గంటలోనే నాకర్థమైంది, నేను అప్పటిదాకా వాన అనుకున్నది వాన కాదని. అక్కడ వాన పడదు, ఉంటుంది. చెట్లు మన అపార్టుమెంట్లంత ఎత్తు. ఆకాశం ఉందో లేదో అవే చెప్పాలి. తాత, మేడమ్ దగ్గర చదివే నలుగురు విద్యార్థులు కొండ అవతలి మకాముకు వెళ్లిపోయారు. నేను ఇవతల, నిపుణురాలి నడకతో ఒక ప్రదక్షిణ చేసి, అన్నిటికన్నా ఎత్తయిన చెట్టు చూపించి, మా మకాము వంటాయనను ఎక్కించి, వైరును పై కొమ్మ నుంచి నిటారుగా కిందికి వేలాడదీయించాను. ఎంత ఎత్తయితే అంత మాట వెళ్తుందని నా సిద్ధాంతం. సాయంత్రం ఆరింటికి పిలిచాను. సమాధానం లేదు. మర్నాడు పొద్దున పిలిచాను, మధ్యాహ్నం పిలిచాను, గంటగంటకూ పిలిచాను. బ్యాటరీ మార్చాను, ప్లగ్గులు తుడిచాను, వానను తిట్టాను. అవతలి నుంచి గరగర తప్ప ఏమీ లేదు. ఆ మధ్యాహ్నమే జీపు డ్రైవరు వచ్చి చెప్పాడు, అవతలికి వెళ్లే జీపు దారిలో చెట్టు పడిందని. అరవై ఏడేళ్ల ముసలాయన, నలుగురు పిల్లలు.

మూడోరోజు పొద్దున టార్పాలిన్ కింద కూర్చుని కప్పల లెక్కలు రాసుకుంటున్న మేడమ్ ముందుకెళ్లి నిలబడ్డాను.

"మేడమ్, నేను అబద్ధం చెప్పాను. ఇంతకుముందు ఏ అడవికీ రాలేదు."

"తెలుసు" అంది ఆవిడ, తలెత్తకుండా.

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు ఫోన్లోనే. అడవిలో ప్లగ్ పాయింట్లు మకాముకు ఎంత దూరంలో ఉంటాయని అడిగావు."

భూమి చీలితే దిగిపోదామనుకున్నాను. అక్కడ భూమి కూడా బురదే. "మరి నన్నెందుకు తీసుకొచ్చారు?" అన్నాను.

ఆవిడ పెన్ను మూసింది. "అనుభవం ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు దొరికారు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఏది కొనాలో చెప్పేశారు. నువ్వు నలభై ప్రశ్నలడిగావు. తడి గడ్డిలో కూర్చుని చూశావని, సెట్ల డబ్బు సంగతి మాట్లాడటానికి ఫోన్ చేసినప్పుడు మీ ఉస్తాద్ చెప్పాడు. సరే, ఇప్పుడు నాకు నీ క్షమాపణ వద్దు, అవతలివాళ్ల క్షేమం కావాలి. వెళ్లి నలభై ఒకటో ప్రశ్న అడుగు."

ఎవరిని అడగాలో తెలియక ఆ వైరునే అడిగాను. నా మాట ఎటు పోతోంది? నోటుబుక్కులో గీసి చూశాను. నిటారు వైరు మాటను పక్కలకు విసురుతుంది. పక్కల ఏముంది? తడి ఆకులు, వాటి వెనక తడి ఆకులు, వాటి వెనక కొండ. పెద్ద బర్రెల కొట్టం. అదే వైరును తక్కువ ఎత్తులో అడ్డంగా కడితే? మాట నేరుగా నెత్తి మీదికి పోయి, ఆకాశంలో మాటను వెనక్కి తిప్పే పైపొరకు తగిలి, గొడుగు తెరిచినట్టు కొండకు రెండు వైపులా దిగాలి. చెట్టు మీది నుంచి వైరు దింపించి, రెండు చెట్ల మధ్య ఛాతీ ఎత్తులో సాగదీసి కట్టాను. నేను సెట్టు దగ్గరికి వెళ్లి కూర్చునేలోపే వంటాయన, ఇన్నాళ్లకు ఈ పిల్ల పనికొచ్చే పని చేసిందనుకున్నాడేమో, తన సాక్సులు రెండు, మేడమ్ తువ్వాలు ఒకటి దాని మీద ఆరేశాడు. తియ్యమని అరవబోయాను. అంతలో సెట్టు తాత గొంతుతో మాట్లాడింది.

"...ఎవరైనా ఉన్నారా... ఉప్పు... ఉప్పు మర్చిపోయి వచ్చాం..."

మైకు అందుకున్నాను. "సార్, మీరంతా బాగున్నారా?"

"రెండ్రోజులుగా చప్పిడి తింటున్నాం. ఏం బాగుంటామమ్మా. అయినా మీరెక్కడికి పోయారు? గొంతు పోయేలా పిలిచాను. మీ మకాము కొట్టుకుపోయిందని పిల్లలు ఏడుస్తున్నారు."

ఆయన వైరు మొదటినుంచీ అడ్డంగానే ఉందట. శాస్త్రం తెలిసి కాదు, చెట్టెక్కించే మనిషి లేక గుడిసె గుంజకూ ఒక వెదురుకూ కట్టేశాడట. మేడమ్ నా వెనక నిలబడి వింటోంది. ముఖం తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకుంది. ఆ వానలో కళ్లద్దాలు తుడుచుకోవడం దండగని ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. సాయంత్రానికి ఒక మనిషి కాలిబాటన ఉప్పు మోసుకుపోయాడు. వంటాయన సాక్సులు మాత్రం మేమక్కడున్న పంతొమ్మిది రోజులూ ఆరలేదు.

తర్వాత నేను నిజంగానే నాలుగైదు అడవులు తిరిగాను. ఇప్పుడు ఎవరైనా సెట్లు ఎంచమంటే, ముందు నాకు తెలియనివి ఒక కాగితం మీద రాసుకుంటాను. మంచి అలవాటే, కాస్త విసుగు పుట్టించే అలవాటు కూడా. మొన్న మా ఆయన పాత ఫోటోలు ఫోన్లోకి ఎక్కిస్తూ ఒక దాని దగ్గర ఆగాడు. అడవి నుంచి బయల్దేరే రోజు మేడమ్ తీసిన ఫోటో. పెద్ద రెయిన్‌కోటు, చంకలో టిఫిన్ డబ్బా సెట్టు, గడ్డం పైకెత్తి, అడవి మొత్తం రిజిస్ట్రేషన్ చేయించుకున్నదానిలా నిలబడి ఉన్నాను. ఆయన రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"మెడ మీద గిదేంది, గొలుసా?"

చూశాను. వేలెడంత జలగ, నిండుగా తాగి వేలాడుతోంది.

"జలగ."

"నీకు తెల్వలేదా?"

"తెల్వలే. చెప్పినోళ్లు గూడ లేరు."

పాపం పిల్ల అని ఆయన నవ్వి, తర్వాతి ఫోటోకు వెళ్లిపోయాడు. నేను ఫోను తీసుకుని వెనక్కి జరిపి మళ్లీ చూశాను. ఆ ముఖంలో అంత గొప్ప నవ్వు నాకు మళ్లీ ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఇప్పటి నేను ఆ క్షణాన ఆ పిల్ల పక్కన ఉన్నా జలగ సంగతి చెప్పేదాన్ని కాదు. ఫోటో అయ్యేదాకా ఆగి, మెల్లగా తీసేసేదాన్ని.