దయమ్మక్క పాఠం చెప్పిన రోజు

ఈ ముసలితనం దాకా నా చెయ్యి విడువని ప్రభువుకు ముందుగా స్తోత్రం.

పక్కింటి కట్టుబడికి పోసిన ఇసుక నిన్నటి వానకు తడిసి, ఆ వాసన కిటికీలోంచి వస్తుంటే మహబూబ్‌నగర్‌లోని మా మిషన్ బోర్డింగు గుర్తుకొచ్చింది. మన ప్రాంతం ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రోజులవి. అమ్మ చనిపోయాక, గొర్ల మందతో ఊళ్లు తిరిగే నాయిన నన్నక్కడ చేర్చి పోయాడు. వేపపూత రాలే వరండా, పొద్దున జొన్న గటకలో చింతతొక్కు, క్రిస్మస్‌కు నువ్వుల అరిసెలు, సాయంత్రం కచ్చకాయలాట, అన్నీ ఉండేవి. నేను మాత్రం ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

శిశుతరగతికి మిషన్ తెల్లదొరసాని పుస్తకాల తెలుగులో పాఠం చెప్పేది. ఆమెకు సాయంగా ఉండే దయమ్మక్క మా ముక్కులు తుడిచి, మా మధ్య నేలమీద కూర్చుని, వేలు పట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించి, దొరసాని మాటను మా ఇంటి మాటలో చెప్పేది. బడి విడిచాక దొరసాని ఆమెకు పాఠం చెప్పే పద్ధతి నేర్పేది: తరగతి ముందున్న గద్దె దిగకూడదు, ప్రశ్న వేశాక జవాబు తానే అందించకూడదు. దొరసాని ఎదుట ఒక పాఠం చెప్పి మెప్పిస్తే అమ్రాబాద్ అడవి వైపు కొత్త బడికి ఆమెను పంతులమ్మగా పంపుతారు. ఆమె పోవద్దని నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని.

ఆ పరీక్ష రోజు పాఠం తప్పిపోయిన గొర్రె కథ. "మందనంతా విడిచి కాపరి ఒక్కదానికోసం ఎందుకు వెళ్లాడు?" అని దయమ్మక్క గద్దెమీంచి అడిగింది. వెనకాల కూర్చున్న దొరసానిని చూసి అందరం బిగుసుకుపోయాం. దయమ్మక్క నుదుటిమీద చెమట. నేర్చిందంతా మరిచి, గద్దె దిగి నా పక్కన చతికిలబడింది.

"మీ నాయినకు గొర్లున్నయి గద బిడ్డా, నువ్వు జెప్పు."

"గది మూగది అక్కా!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

నోరు విప్పకపోతే ఆమె నాకు దక్కుతుంది. కానీ అందరూ నవ్వుతున్నా ఆమె నా పక్కనుంచి లేవలేదు.

"మందల ఉన్నయి ఒకదానికొకటి తోడుంటయి," అన్నాను. "గది ఒక్కతే ఉంటది."

దొరసాని లేచి నిలబడి, "ఈ పిల్ల నోరు తెరిపించావు, అది చాలు," అంది.

కొత్త బడికి పోయే బస్సెక్కుతూ దయమ్మక్క నా చెంపలు తుడిచింది. "నువ్వే గెలిపిచ్చినవు, మల్ల నువ్వే ఏడుస్తవేందే పిచ్చిదానా?"

ఇప్పుడు షాద్‌నగర్ దగ్గరి ఇంటర్నేషనల్ స్కూళ్లలో సాయం టీచర్లకు ట్రైనింగ్ ఇస్తున్నారట. మా బోర్డింగు జాగాలో దుకాణాలు లేచాయి. దయమ్మక్క ఉత్తరం ఏదీ రాలేదు. ఆ అడవి బడిలో ఆమె పక్కన ఎవరైనా కూర్చున్నారో లేదో నాకు తెలియదు. ఇది చదివే మీరు ఒక్క నిమిషం తల వంచండి. ఆమె ఎక్కడున్నా ఒక్కతే ఉండకూడదని నాతో కలిసి ప్రార్థించండి.