మూడో కేక

నా సైకిలుకు ఇరవై ఒక్క గేర్లు. కొన్న కొత్తలో వాటిలో ఇరవై నాకు పగవాళ్ళు, మిగిలిన ఒక్కటి ఎటూ తేల్చుకోలేదు. నా షుగరు చూసిన డాక్టరు గారు ఏదో ఒక వ్యాయామం చెయ్యమన్నారే తప్ప, నడివయసులో బిగుతు నిక్కరు తొడుక్కుని ఊరి మీద పడమని అనలేదు. నా అంతట నేనే పడ్డాను. నన్ను ఆ నిక్కరులో మొదటిసారి చూసిన నా భార్య నవ్వుకోవడానికి వంటింట్లోకి వెళ్ళి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

మొదటి వారంలోనే మైపాడు రోడ్డు మీద ఒక మనిషి నన్ను దాటిపోయాడు. ఇంచుమించు నా వయసే. తొక్కుతున్నది తాతల నాటి నల్ల సైకిలు. వెనక క్యారేజీ మీద బుట్టెడు చేపలు, చేపల మీద తడిగోనె, గోనె మీద తక్కెడ. పెళ్ళివారి సామానంత బరువు. బుట్టలోంచి ఒక వంజరం చేప తోక బయటికి వేలాడి, నాకు పోయొస్తానని చెప్పినట్టు ఊగింది. పౌరుషం పొడుచుకొచ్చి వెంటపడ్డాను. ఇందుకూరుపేట దగ్గర టీ బంకులో పట్టుకున్నాను. పట్టుకోవడమంటే, అతను రెండో టీ ముగిస్తుండగా నేను చేరుకున్నాను.

"ఏందన్నా, సైకిలు చెడిపొయిందా?" అన్నాడు.

"లేదే!"

"మరి దాన్ని ఎత్తుకోనొచ్చినట్టు వస్తండావే?"

అలా కుదిరింది స్నేహం. అతను నన్ను అన్నా అనేవాడు, నేను అతన్ని అన్నా అనేవాణ్ణి. మా ఇద్దరిలో ఎవరు ముందు పుట్టారో తేల్చుకోవలసిన అవసరం నెల్లూరులో ఎవరికీ రాదు.

తర్వాత ఆరు నెలలు తెల్లవారుజామున కలిసి తొక్కాం. అతను వరి పొలాల ఊళ్ళలో చేపలమ్మేవాడు. ఒక విషయం నాకు అంతుపట్టలేదు. వేట లేని రోజుల్లో కూడా చీకటుండగానే ఖాళీ బుట్టతో రోడ్డు మీద కనిపించేవాడు. ఒకరోజు అడిగాను.

"ఆ టయానికి ఇంట్లో ఉండలేనన్నా," అన్నాడు.

అతను ఇదివరకు పడవ మనిషి. మైపాడులో అతనికీ తమ్ముడికీ చెరో పడవ. మంచు పట్టిన వేకువల్లో పడవకు పడవ కనపడదు. అప్పుడు కడుపులోంచి ఒక కేక వేస్తారు, మాటలేమీ లేని పొడుగాటి కేక. దానికో కట్టుబాటుంది. మొదటి కేకకు పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మూడోదానికే పలకాలి.

"నీళ్ళల్లో పోయినోళ్ళు గూడా కేకేస్తారన్నా. అయితే వాళ్ళకు రెండు కేకలకే ఊపిరి. మూడోది బతికినోడే ఎయ్యగలడు. తొందరపడి రెండోదానికి పలికినామా, మనమూ ఆ జట్టే."

"అంటే దెయ్యాలకు రెండు దాకానే లెక్కలొచ్చా?" అన్నాను, నవ్విద్దామని.

అతను నవ్వలేదు. రెండేళ్ళ కిందటి మాఘం సంగతి చెప్పాడు. ముందు పడవలో తమ్ముడు ఒక్కడే. వెనక పడవలో ఇతను. మంచులోంచి ఎడమవైపు ఒక కేక వినపడింది. కాసేపటికి ఇంకొకటి. ఇతను ఇంజను ఆపి, మూడోదాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

"ఇంకా కాచుకోనే ఉండా అన్నా."

మర్నాడు పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

అతన్ని తొలిచేది ఒకటే. తమ్ముడు ప్రాణంతో ఉండి పిలిచాడా, పోయాక పిలిచాడా? పోయాక అయితే తను కట్టుబాటు పాటించాడు. ప్రాణంతో ఉండగా అయితే, సొంత తమ్ముణ్ణి లెక్క పెడుతూ కూర్చుని చంపుకున్నాడు. ఇది తేలకుండా కర్మ చెయ్యనని మొండికేశాడు. పెద్దవాడు కూర్చోకపోతే ఇంకెవరూ కూర్చోవడానికి లేదు. తమ్ముడి భార్య రెండేళ్ళుగా అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది. ఇతనికేమో తెల్లవారితే అలల చప్పుడులో అవే రెండు కేకలు.

"సముద్రం వినపడని చోటు ఏదన్నా ఉంటే చెప్పన్నా," అన్నాడు. "ఒక్క తెల్లారిజామన్నా నిద్రపోతా."

నా దగ్గర అలాంటి చోటొకటుంది. సోమశిల దాటాక, వెలిగొండల్లో, జలాశయం ఒడ్డునే అడవిలోంచి పోయే పాత రోడ్డు. ఆ చోటును మామూలుగా వర్ణించడం నాకు చేతకాదు. అక్కడి కొండలకు హిమాలయాలు వచ్చి నమస్కారం పెడతాయన్నాను. అక్కడి నిశ్శబ్దాన్ని కొడవలితో కోసి మోపులు కట్టుకోవచ్చన్నాను. ఆ దారిలో లారీ, బస్సు, ఆటో, ఎడ్లబండి, ఏదీ రాదన్నాను. అది మాత్రం అక్షరాలా నిజం. ఆ రోడ్డు ఏ ఊరికీ పోదు. పోయే ఊరు ఆనకట్ట కట్టినప్పుడే నీళ్ళలో మునిగింది.

కార్తీకం వెళ్ళిన వారం సైకిళ్ళు బస్సు టాపు మీద కట్టుకుని ఆత్మకూరులో దిగాం. అక్కడి నుంచి కాలువ కట్ట పట్టుకున్నాం. ఒక పక్క నారుమళ్ళు, ఇంకో పక్క పెన్న లోయ. నేను ఇరవై ఒక్క గేర్లూ వాడాను, కొన్నింటిని రెండేసిసార్లు. అతను ఉన్న ఒక్క గేరుతో ముందు పోతూ, నా కోసం కల్వర్టుల మీద కూర్చుని బీడీలు ముగించాడు. ఆ రాత్రి ఆనకట్ట దగ్గరి ఊళ్ళో ఒక సత్రంలో దిగాం. మర్నాడు నేను లేచి, స్నానం చేసి, నాలుగు దోసెలు తిని, అయిదోదాని గురించి ఆలోచిస్తున్నా అతను లేవలేదు. ఎనిమిదిన్నరకు కళ్ళు తెరిచి, కిటికీలో ఎండ చూసి, కొత్త ఊళ్ళో దిగబెట్టిన పిల్లాడిలా కంగారుగా లేచి కూర్చున్నాడు.

"ఏమీ వినపళ్ళేదన్నా," అన్నాడు.

నా జన్మ ధన్యమైందనుకున్నాను. ఇంకో పూట ఉండి వెనక్కి పోయుంటే సరిపోయేది. అడవి రోడ్డు చూపించాలన్న దుగ్ధ నాది.

పాత రోడ్డు మీదికి ఎక్కేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. తారు పగుళ్ళలో గడ్డి మోకాలెత్తు. సీతాఫలం కొమ్మలు రెండు వైపుల నుంచీ వంగి మా భుజాలు తడుముతున్నాయి. ఒక మలుపులో కిలోమీటరు రాయి. ఊరి పేరు చెరిగిపోయింది, అంకె మిగిలింది, నాలుగు. ఆ నాలుగింటిలో మూడు నీళ్ళలో ఉన్నాయి. రాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. అంతసేపూ చెట్లలో గొడవ చేస్తున్న కొండముచ్చులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. గాలి లేదు. అతను సైకిలు దిగి నిలబడ్డాడు.

"ఇంత సైలెన్సు మంచిది కాదన్నా. నా చెవుల్లో నేనే తిరగతా ఉండా."

"పద పద, కింద నీళ్ళు కనపడతాయి," అన్నాను.

ఎక్కుడులో నేను వెనకబడ్డాను. అతను మిట్ట దాటి, అవతల పల్లంలోకి దిగి, కొండ మలుపు చాటుకు పోయాడు. నేను మిట్ట మీదికి చేరేటప్పటికి మనిషి జాడ లేదు. కింద జలాశయం కరిగిన సీసంలా పరుచుకుని ఉంది. దానికి అవతల వరసగా కొండలు. అప్పుడు నాకు ఆ పాడు బుద్ధి పుట్టింది. పడవ వాళ్ళ కేక నాకు అతనే నేర్పాడు. స్నానాల గదిలో సాధన చేసి పక్కింటివాళ్ళ పాల గిన్నె కింద పడేయించిన ఘనత నాది. ఎక్కడున్నావని సరదాగా అడిగినట్టుంటుందని, ఊపిరంతా కూడగట్టి కేక వేశాను. ఒక్కసారే.

కేక నీళ్ళ మీదుగా పోయి ఎదుటి కొండకు తగిలి తిరిగొచ్చింది. దాని పక్క కొండ అందుకుంది. ఆ తర్వాత ఇంకా దూరాన ఏదో ఒకటి, తీరిగ్గా, మొదటి రెండింటి కన్నా స్పష్టంగా.

నేను లెక్కపెట్టాను. మూడు.

మైపాడులో అన్నిటికన్నా ఎత్తయినది ఇసుక దిబ్బ. ఇసుక కేకను మింగుతుంది, తిరిగివ్వదు. పుట్టి బుద్ధెరిగాక ఆ తీరం, ఆ వరి పొలాలు దాటి ఎరగని మనిషికి కొండలు బదులు పలుకుతాయని ఎవరు చెప్పుంటారు? పైగా నా కేకకు అడ్డంగా కొండ భుజం ఉంది. అతనికి వినిపించినవన్నీ నీళ్ళ అవతలి నుంచి వచ్చినవే.

మలుపు కింది నుంచి అతని గొంతు వినపడింది. "వస్తండా... వస్తండా!"

ఆ దిగుడు నేనెలా దిగానో నా బ్రేకులకే తెలియాలి. మలుపు తిరిగితే రోడ్డు నేరుగా నీళ్ళలోకి పోతోంది. ఒడ్డున నల్ల సైకిలు పడి ఉంది, ముందు చక్రం ఇంకా తిరుగుతోంది. అతను రొమ్ముల్లోతు నీళ్ళలో ఉన్నాడు. ఈదడం లేదు, నడుస్తున్నాడు. నీళ్ళ కింద ఆ రోడ్డు ఇంకా గట్టిగానే ఉంది. దాని మీద అడుగులో అడుగేసుకుంటూ లేని ఊరి వైపు పోతున్నాడు.

నాకు ఈత రాదు. బకెట్లో నీళ్ళు ఎక్కువైతేనే జాగ్రత్త పడే మనిషిని. అయినా దిగాను. "అన్నా, కేకేసింది నేనే! తిరుగన్నా!" అని అరుద్దామనుకున్నాను. "అన్నా" దాకానే అయింది. కాలి కింద తారు అంచు విరిగి పక్కకు జారాను, నోట్లోకి నీళ్ళు పోయాయి.

నేను అరిచింది ఒక్కసారే. అతను దేనికీ కాచుకోలేదు. వెనక్కి తిరిగి, ఒక్క ఈత ఈది వచ్చి, నా జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చి పడేశాడు. మిగిలిన జుట్టే తక్కువ, అందులో సగం అతని చేతిలో ఉండిపోయింది.

దగ్గడం ఆగాక జరిగింది చెప్పాను. అతను చొక్కా కొస పిండుకున్నాడు.

"నువ్వు చెప్పేదాంట్లో ముక్కాల్భాగం కోసేస్తే గదా నిజం మిగిలేది," అన్నాడు. "ఇందులో కొయ్యడానికే లేదే."

"కావాలంటే చూడు," అని మళ్ళీ కేక వేశాను. కొండలు పలకలేదు. ఇంకోసారి వేశాను. గాలి లేచిందో, తడిసి నా బలం తగ్గిందో, ఒక్క కొండా నోరు మెదపలేదు. ఇద్దరం తడి బట్టలతో వణికాం. ఎండ మాత్రం నడినెత్తినే ఉంది.

"చాల్లే అన్నా," అన్నాడు అతను మెల్లగా. "నువ్వే ఏసుంటావు. నువ్వు మునగతా అరిచినావు చూడు, అప్పుడు తెలిసింది నాకు. రెండోసారి అరిచే తెరిపి యాడుంటాది మునిగేటోడికి? వాడు రెండుసార్లు పిలిచినాడంటే అప్పటికింకా మునగలేదు. బతికుండే పిలిచినాడు. నేనే పోలేదు."

అతను లేచి సైకిలు నిలబెట్టాడు.

"ఇంటికి పోదాం పద. చెయ్యాల్సింది చేద్దాం."

కర్మ మైపాడు ఒడ్డునే జరిగింది. మనిషికి బదులు మడత పెట్టిన గళ్ళ చొక్కా ఒకటి పెట్టారు. అతను నీళ్ళలోకి మోకాలి దాకా దిగి పాలు పోశాడు. అల వచ్చి కాళ్ళకు తగిలినప్పుడు వెనక్కి జరగలేదు. ఏడ్చాడు, పెద్దగానే. రెండేళ్ళలో సముద్రం దగ్గర అతను నోరు తెరవడం అదే మొదలని పక్కనున్న వాళ్ళు చెప్పుకున్నారు.

అంతా అయ్యాక తమ్ముడి భార్య నా దగ్గరికి వచ్చింది. సన్నటి మనిషి. కొంగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"అన్నా, ఆడ కొండల్లో ఆయన కేక మీకూ వినపడిందంట గదా."

వినపడిందన్నాను.

"గొంతు బొంగురుగా ఉండిందా?"

ఆ వేళ ఎక్కుడు తొక్కీ తొక్కీ నా గొంతు ఎండిపోయి ఉంది. కొండల నుంచి వచ్చిన ప్రతి కేకా బొంగురుగానే వచ్చింది.

"బొంగురుగానే ఉండిందమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. "ఆ పొద్దు జలుబు చేసుండింది ఆయనకి. మిరియాల కషాయం కాచి పెట్టినా. తాగకుండానే పొయినాడు."