ఒకటో గ్రేడు దెబ్బ

మొన్న కల్వకుర్తిలో క్షవరం ముగించిన కటింగు షాపతను చెప్పాపెట్టకుండా నా గడ్డం కింద చెయ్యివేసి మెడను పక్కకు విరవబోతే, ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని కసిరాను. “గింత దానికి గంత ఫికరా సారూ” అని అతను నవ్వాడు. మెడ విరిస్తేగాని క్షవరం పూర్తికాదని మనవాళ్లకు ఎవరు నేర్పారో గానీ, బయటికొచ్చాక కూడా నా చిరాకు తగ్గలేదు, మా చిన్నాయిన గుర్తొచ్చాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఉద్యోగంలో నా చివరి ఏళ్లలో, నేను జిల్లా దవాఖానలో స్కానింగు డాక్టరుని. నాకంటే పదేళ్లే పెద్దవాడైన చిన్నాయిన గొర్రెల దగ్గరికి పోతూ మోటారుసైకిలు మీంచి పడి, మెడమీద ఎర్రటి గీత తప్ప గాయమే లేకుండా వచ్చాడు. రంగుమందు ఎక్కించి స్కాన్ తీస్తే, మెదడుకు రక్తం తీసుకుపోయే ఎడమ నాళం లోపలి పొర కాస్త చిట్లింది. ఇలాంటి దెబ్బలకు మేము అయిదు గ్రేడులు వేసేవాళ్లం. లోపొర కొద్దిగా చెడితే ఒకటి, నాళం పూర్తిగా మూసుకుపోతే నాలుగు, తెగిపోతే అయిదు. వణికిపోతున్న చిన్నమ్మను చూడలేక, ఒకటో గ్రేడే, చిన్న దెబ్బే అన్నాను. రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతూ వారం ఉండాలనీ, మళ్లీ స్కాన్ తీసేదాకా ఆ అంకెను నమ్మొద్దనీ కూడా చెప్పాను గానీ, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

మూడోరోజు గొర్రెలు ఆగమవుతాయని నాతో చెప్పకుండానే వెళ్లిపోయిన ఆ మొండి మనిషి, దారిలో గడ్డం గీయించుకుని, మెడ పట్టేసిందని రెండు వైపులా విరిపించుకున్నాడు. మర్నాడు కుడిచెయ్యి లేవక, మాట రాక, మళ్లీ నా స్కానింగు బల్లమీదికే వచ్చాడు. నాళం మూసుకుపోయింది. విరుపు వల్లనా, మందు మానడం వల్లనా అన్నది ఈనాటికీ తేల్చలేను. చిన్నాయిననూ చిన్నమ్మనూ ఇద్దరినీ తిట్టిపోశాను. చిన్నమ్మ అంతా విని మెల్లగా అంది:

“నువ్వే గద బిడ్డా, చిన్న దెబ్బంటివి.”

ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ చిన్నాయిన నోట మందను మళ్లించే కేక రాలేదు. గొర్రెలు ఆయన ఎడమచేతి ఊపును లెక్కచేయక ఊరివాళ్ల చెలకల్లో పడి పైరు మేస్తుంటే చూస్తూ నిలబడేవాడు. ఇప్పుడు రిపోర్టు అంకెతో సహా ఫోనుకే వస్తుంది, స్కాన్ తీసిన డాక్టరు ముఖం చూడాల్సిన పనే లేదు. మా కాలంలో ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లమని గొప్పగా అనబోతాను, నేను చెప్పిందేమిటో గుర్తొచ్చి ఆగిపోతాను.